గడియారం మార్చే ముందు చెప్పమన్న మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. కబురు పాలు పితికే వేళకు వచ్చింది. రెండు బర్రెలు అయిపోయి మూడో దాని దగ్గర కూర్చున్నాను. గూట్లో పెట్టిన ఫోను మోగింది. చేతి నిండా నురుగు. వేలి కణుపుతో బటను నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. అటు మా బిడ్డ.

"నాయినా, మామయ్య లేస్తలేరు."

"లేపు బిడ్డా."

"లేపినం నాయినా."

బర్రెను సగంలో వదిలేసి లేచాను. ఇంతకాలంలో ఎప్పుడూ అలా వదల్లేదు. అది తల తిప్పి నన్నే చూసింది.

కూకట్‌పల్లిలో వాళ్ళుండే అపార్టుమెంటుకు నేను పోయేసరికి వరండా నిండా చెప్పులున్నాయి. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "చెప్పాపెట్టకుండా పోయాడండీ." ఒకరు అన్నారు, ఇంకొకరు అన్నారు. మూడోవారు అనబోతుంటే మా వియ్యపురాలు కళ్ళు తుడుచుకుని తల ఎత్తింది.

"ఆ మాట అనకండి. ఆయనకు గిట్టదు."

గిట్టేది కాదు అనలేదు. గిట్టదు అంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఆ మాటే తలుచుకుంటూ ఉండిపోయాను. నిజంగానే ఆయనకు లోకంలో గిట్టనిది అదొక్కటే. చెప్పాపెట్టకుండా ఏదైనా జరగడం.

చదివేవారికి మేమెవరమో చెప్పాలి. మాది హఫీజ్‌పేట్ పక్క పల్లె. ఇప్పుడు పల్లె లేదు. మేము జొన్నలు వేసిన చోట అద్దాల మేడలు లేచాయి. రాత్రింబగళ్ళు లైట్లు వెలుగుతుంటాయి. నాకు మిగిలింది ఇల్లు, ఇంటి వెనక కొట్టం, నాలుగు బర్రెలు. నా బిడ్డ ఆ మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం చేస్తుంది. అక్కడే పనిచేసే కోస్తా అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. ఆ అబ్బాయి తండ్రే మా వియ్యంకుడు. ప్రభుత్వ టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డాడు.

మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ముందు రోజే ఫోను చేశాడు. "బావగారూ, రేపు పొద్దున వద్దామనుకుంటున్నామండి." సరే అన్నాను. పొద్దున మళ్ళీ చేశాడు. "బయలుదేరుతున్నామండి." కాసేపటికి, "ఆటో ఎక్కామండి." ఇంకాసేపటికి, "మీ సందు మొదట్లో ఉన్నామండి." మా ఇంటామె చాయ్ పొయ్యి మీద పెట్టి నవ్వలేక చచ్చింది.

"గీయన వియ్యంకుడా, రైలా? ఏ స్టేషన్ల ఉన్నడో చెప్పుకుంట వస్తుండు!"

అది ఆయన చెవిన పడింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "రైలైతే ఆలస్యంగా వస్తుందమ్మా చెల్లెమ్మా. నేను రాను" అన్నాడు.

వియ్యంకుల మధ్య పరాచికాలు మామూలే. మా ఇద్దరి మధ్య అవి ఆయన వల్లే నడిచాయి. నాకు మాటలు తక్కువ. నేను ఆయనను 'బావా, నువ్వు' అంటే ఆయన నన్ను 'బావగారూ, మీరు' అనేవాడు. మొదట్లో నొచ్చుకుంటాడేమో అని భయపడ్డాను. ఒకనాడు నోరు అదుపులో పెట్టుకుని 'మీరు' అని పిలిస్తే, "ఏమండీ, కోపం వచ్చిందా?" అని అడిగాడు. ఆ తర్వాత మళ్ళీ నువ్వే.

కొట్టంలో కూర్చోవడం ఆయనకు ఇష్టం. తవుడు బస్తా మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. గొడుగు పక్కన పెట్టుకునేవాడు. ఎండాకాలమైనా గొడుగు ఉండాల్సిందే. బర్రెలు నెమరు వేస్తుంటే చూస్తూ ఉండేవాడు.

"మీ గేదెలు కూడా మీలాగే, ఒక్క మాట మాట్లాడవేంటండీ బావగారూ?"

"నువ్వు ఆపితే గద బావా అవిటికి సందు దొరికేది."

ఆయన గట్టిగా నవ్వేవాడు. నవ్వు అయిపోగానే ముఖం మళ్ళీ మామూలుగా అయ్యేది. ఆయన మామూలు ముఖం భయపడే ముఖం. గ్యాసు కట్టేశామా, తలుపు వేశామా, కోడలు ఆఫీసుకు చేరిందా. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏంది బావా, గింత ఫికరేంది నీకు?"

"ఇంటికి ఒక్కడు భయపడాలండీ బావగారూ. అప్పుడే మిగతావాళ్ళు నిద్రపోతారు."

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది.

ఆయన భయం ఒక్క ఇంటికి సరిపోయేది కాదని తర్వాత తెలిసింది. అది తెలిసింది చాయ్ బండి వల్ల. మేడల దగ్గర రాత్రి డ్యూటీ పిల్లలకు చాయ్ పోసే బండికి నేను పాలు పోస్తాను. ఒక ఏడు చలి మొదలయ్యే రోజుల్లో, పొద్దున్నే పాలు పట్టుకుని పోతే బండి అతను నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏంది కాకా, నీ బిడ్డ ఆఫీసులనే చేస్తది గద, జర చెప్పద్దా? పోరగాండ్లు ఇంక దిగనే లేదు. నీ పాలు కాగి కాగి కోవా అయినయ్!"

అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పారట. అందుకని ఇక్కడి పిల్లలు గంట ఆలస్యంగా డ్యూటీ దిగుతారట. ఎక్కడో ఎవరో గడియారం తిప్పితే ఇక్కడ నా పాలు కోవా కావడమేమిటో నాకు అర్థం కాలేదు. వియ్యంకుడు వచ్చినప్పుడు అడిగాను. ఆయన కళ్ళు మెరిశాయి. తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. చాలా దేశాల్లో ఎండాకాలం పొద్దు ఎక్కువ ఉంటుందని గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. చలి రాగానే వెనక్కి తెస్తారు. అమెరికా లాంటి దేశాలు ఫలానా రోజున అని ముందే చెప్పి చేస్తాయి. చాయ్ బండి అతను తెలుసుకోకపోవడం వేరే సంగతి. కొన్ని ప్రభుత్వాలు మాత్రం చెప్పవు. ఈసారి జరుపుదామా వద్దా అని చివరి వారం దాకా నానబెట్టి, రేపు అనగా ఈ రోజు చెప్తాయి. ఉపవాసాల నెల వచ్చిందనో, కరెంటు తక్కువైందనో, మంత్రిగారికి తోచిందనో మార్చేస్తాయి.

"మార్చుకుంటే మార్చుకోనీ బావా. వాళ్ళ దేశం, వాళ్ళ గడియారం."

"మార్చుకోనివ్వండి. నేనొద్దన్నానా? మార్చే ముందు చెప్పమంటున్నాను."

ప్రపంచంలో ఏ చోట గడియారం ఎప్పుడు ఎంత జరుగుతుందో రాసి ఉంచే పట్టిక ఒకటి ఉందట. ఫోన్లు, కంప్యూటర్లు, విమానాల వేళలు అన్నీ దాన్ని చూసే సరిదిద్దుకుంటాయట. దాన్ని నడిపేది ఏ ప్రభుత్వమూ కాదు. దేశదేశాల్లో కొందరు ఉత్తపుణ్యానికి చూసుకుంటారు. మా వియ్యంకుడు రిటైరయ్యాక వాళ్ళకు కబుర్లు అందించే పనిలో చేరాడు. ఏ దేశపు పత్రికలో గడియారం మాట వచ్చినా వెతికి చదివేవాడు. ప్రభుత్వాలకు ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరం ఒకటి నాకు తెలుగులో చెప్పి వినిపించాడు. "అయ్యా, మీ గడియారం మీ ఇష్టం. ఎప్పుడైనా మార్చుకోండి. ఆర్నెల్ల ముందు, అందరికీ కనబడే చోట ఒక మాట చెప్పండి." ఇంతే.

ఇంత చిన్న మాటకు జవాబిచ్చినవాళ్ళు తక్కువ. ఒక ప్రభుత్వం మాత్రం మీకు మా దేశం మీద ఉన్న ఆసక్తికి సంతోషం అని రాసి, సముద్రపు ఒడ్డు హోటళ్ళ బొమ్మలు పంపింది. దాన్ని చూసి నేను నవ్వాను. నవ్వి ఒక మాట కూడా అన్నాను.

"నా కోడి కూయకుంటే తెల్లారదన్న ముసలమ్మ లెక్క ఉన్నది బావా నీ కథ."

ఆయన కోప్పడలేదు.

"కోడి కూయకపోయినా తెల్లారుతుందండీ బావగారూ. కానీ తెల్లారబోతోందని పక్కింటికి చెప్పేది కోడే కదా. సూర్యుడు చెప్పడు."

ఆయనకు ఈ భయం ఎక్కడ మొదలైందో ఒక వానరోజున చెప్పాడు. రేకుల మీద వాన మోత. గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది. అయినా ఆయన గొంతు పెంచలేదు. నేనే దగ్గరికి జరిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన సముద్రానికి దగ్గరి ఊళ్ళో పనిచేశాడు. తుపాను వస్తోందని పట్నం నుంచి వాళ్ళ ఆఫీసుకు కబురు వచ్చింది. ఒడ్డున ఉన్న పల్లెకు టెలిఫోను లైను లేదు. సైకిలు మీద మనిషిని పంపారు. ఎదురుగాలిలో ఆ మనిషి తొక్కుకుంటూ పోయాడు. పోయేసరికి పల్లెలో మగవాళ్ళు పడవలెక్కి వెళ్ళిపోయారు. ఒడ్డున ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు.

"సైకిలాయన తిరిగొచ్చి ఏం చెప్పాడో తెలుసాండీ? కబురు చెప్పాను, వాళ్ళు విన్నారు అన్నాడు. ఎవరికి చెప్పాడు? ఒడ్డున ఉన్నవాళ్ళకి."

వాన ఎక్కువైంది. ఆయన గొడుగు పిడి పట్టుకుని కూర్చున్నాడు.

"కబురు పుట్టిందండీ బావగారూ. చేరలేదు."

ఎందరు తిరిగొచ్చారో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన ఫోను చేసి 'సందు మొదట్లో ఉన్నామండి' అంటే నాకు నవ్వు రాలేదు.

ఇక ఒక శుక్రవారం సంగతి.

పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవుల దేశం ఉంది. అక్కడి పెద్దాసుపత్రిలో పసిపిల్లలకు ఏ వేళకు ఏ మందు ఇవ్వాలో చెప్పే యంత్రాన్ని మా బిడ్డ ఆఫీసు ఇక్కడి నుంచి చూసుకుంటుంది. ఆ దేశం మా బిడ్డ వంతు. మామూలు లెక్కన ఆ వచ్చే ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారం గంట ముందుకు జరగాలి. జరుపుతామని ప్రభుత్వం అనలేదు. జరపమనీ అనలేదు. ఆసుపత్రివాళ్ళను అడిగితే, రేడియోలో చెప్తేనే మాకైనా తెలిసేది అన్నారట. ఆఫీసులో పెద్దవాళ్ళను అడిగితే, ప్రభుత్వం చెప్తే మార్చు, చెప్పకపోతే ముట్టుకోకు అన్నారట.

మా బిడ్డ రెండు రోజులుగా అన్నం ముద్ద మింగలేదు. ఏమైతది బిడ్డా గంట అటిటైతే, అని అడిగాను. చెప్పింది.

"వార్డుల గోడ గడియారం ఆరు చూపిస్తది నాయినా. నర్సు మందు ఇస్తది. మిషన్‌ల అప్పటికి అయిదే. గంటయినంక మిషన్ మోగుతది, ఆరైంది మందు ఇయ్యుమని. అప్పటికి డ్యూటీ మారి ఇంకో నర్సు వస్తది. ఆమె మల్ల ఇస్తది."

"చిన్న పిల్లలకా?"

"చేతిల పట్టేంత పిల్లలకు."

పోనీ ముందే మార్చి పెట్టుకుంటే? అప్పుడు ప్రభుత్వం గడియారం జరపకపోతే తప్పు అటు తిరుగుతుంది. మారిస్తే భయం, మార్చకపోతే భయం. శుక్రవారం సాయంత్రం అక్కడ ఆఫీసులు కట్టేస్తారు. ఆసుపత్రిలో ఆ యంత్రం సంగతి తెలిసిన మనిషి కూడా ఇంటికి పోతాడు. వాళ్ళ సాయంత్రం మనకు పొద్దున పది దాటితే అయిపోతుంది.

ఆ పొద్దున్నే మా బిడ్డ లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ అపార్టుమెంటులో పై వాటాలో బండలు కోస్తున్నారు, మాట వినబడదు. వెనకే మా వియ్యంకుడు వచ్చాడు. ఆ ఒక్క రోజే ఆయన చెప్పకుండా వచ్చాడు. అది చూసే నాకు సంగతి ఎంత పెద్దదో అర్థమైంది. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని ఉన్నాడు.

తవుడు బస్తా మీద కూర్చుని ఫోను తీసి, అందరికీ వినబడేటట్టు పెట్టాడు. ఆ దేశపు ప్రభుత్వ ఆఫీసుకు ఆయన వారమంతా చేస్తూనే ఉన్నాడట. ఒకరు ఇంకొకరికి కలుపుతారు. ఆ ఇంకొకరు సెలవులో ఉంటారు. ఆ రోజు కూడా అలాగే తిప్పారు. ఫోనులో పాట వస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ వస్తోంది. పాట ఆగినప్పుడల్లా ఆయన ఫోను మీదికి వంగుతున్నాడు. మా బిడ్డ మంచం పట్టె మీద కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. నాకు చేయడానికి పని లేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

చివరికి ఒక ఆడమనిషి గొంతు పలికింది. మా వియ్యంకుడు ఇంగ్లీషులో మెల్లగా, మర్యాదగా మొదలుపెట్టాడు. ఆమె రెండు ముక్కల్లో జవాబు చెప్పింది. నాకు ఇంగ్లీషు రాదు. మా బిడ్డ ముఖం చూస్తే చాలు. ప్రకటన ఇంకా రాలేదు, మేము ఏమీ చెప్పలేము అందట. పెట్టేయబోతోంది.

అప్పుడు మా పెద్ద బర్రె అరిచింది. దాని దుడ్డెను అవతలి గుంజకు కట్టేశాను. పొద్దుటి నుంచి పాలు సరిగా తాగనివ్వలేదన్న కోపం. కొట్టం అదిరేటట్టు అరిచింది. ఆయన ఉలిక్కిపడి ఫోనును రెండు చేతులతో మూశాడు. ఆలస్యమైపోయింది.

అటునుంచి ఆమె ఏదో అడిగింది. ఆయన భయంతో తడబడి జవాబిచ్చాడు. మా బిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏమందని సైగ చేశాను.

"గా చప్పుడేంది అన్నది. మామయ్య ఆఫీసు అన్నరు."

ఫోనులోంచి నవ్వు వినబడింది. పెద్ద నవ్వు. ఆ నవ్వు వెనక, వాళ్ళ కిటికీ బయట ఎక్కడో ఒక కోడి కూసింది. సాయంకాలం పూట కోడి. మా వియ్యంకుడు కూడా అడిగాడట, మరి అది ఏమిటని. "ఇదీ ఆఫీసే" అందట ఆమె. వాళ్ళ నాన్నకు ఆవులున్నాయట. మీవి ఎన్ని అని అడిగిందట.

ఆయన నా వైపు తిరిగాడు. "బావగారూ, ఎన్ని గేదెలున్నాయని అడుగుతున్నారండీ."

"నాలుగు. ఒకటి చూడిది అని చెప్పు."

అది కూడా చెప్పాడు. పసిపిల్లల వార్డు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఈసారి ఆయన తడబడలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. అటు తలుపు మూసిన చప్పుడు వినబడింది. తర్వాత ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. కాగితం మీద సంతకం అయిపోయిందట. కాగితం తన బల్ల మీదే ఉందట. రేపు రేడియోలో చెప్తారట. ఆదివారం గడియారం జరుగుతుంది. రేపు అందరికీ చెప్పేది ఈ రోజు ఆసుపత్రికి చెప్తే తప్పేముంది, అందట.

మా బిడ్డ వేళ్ళు అప్పటికే లాప్‌టాప్ మీద పరుగెత్తుతున్నాయి. ఆసుపత్రి మనిషి ఇంటికి బయలుదేరుతుండగా దొరికాడు.

మా వియ్యంకుడు ఫోను పెట్టేయలేదు. ఆమెను ఒక్కటి అడిగాడు. మళ్ళీ ఎప్పుడు మార్చినా, మార్చకపోయినా, తేలిన రోజే నాకొక మాట చెప్తారా అని. చెప్తాను అంది.

ఆదివారం అక్కడ ఏమీ జరగలేదు. పిల్లలు మందు తాగారు, పడుకున్నారు. ఏ పేపర్లోనూ రాలేదు. ఏమీ జరగకుండా చూడటమే ఆయన పని. అలాంటి పనికి దండ వేసేవాళ్ళుండరు. ఆ సాయంత్రం ఆయన మా కొట్టానికి వచ్చి పెద్ద బర్రె ముందు నిలబడ్డాడు. జేబులోంచి బెల్లం ముక్క తీశాడు. పెట్టడానికి భయపడి నా చేతికిచ్చాడు.

"మీరే పెట్టండి. నా పేరు చెప్పండి."

ఆమె మాట తప్పలేదు. ఆ తర్వాతి ఏడు ఇంకొంచెం ముందు చెప్పింది. ఆ తర్వాత ఇంకొంచెం. ఆయన ప్రతిసారీ ఆ కబురు పట్టికకు చేర్చి, నాకు ఫోను చేసి చెప్పేవాడు. "ఒక దేశం దారికొచ్చిందండీ బావగారూ." ఇంక ఎన్ని ఉన్నయి బావా అంటే, "చాలా ఉన్నాయండీ" అనేవాడు. ఆ గొంతులో మళ్ళీ పాత భయం.

ఇప్పుడు ఆయన లేడు. పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మా అల్లుడు తన తండ్రి గొడుగు తీసుకొచ్చి, ఇది మీ దగ్గర ఉంచుకోండి మామయ్యా అన్నాడు. కొట్టంలో మేకుకు తగిలించాను. ఎండ పడి దాని నీడ తవుడు బస్తా మీద ఊగుతుంటే, నేను అటు చూడకుండా పని చేసుకుంటున్నాను.

ఆయన ఫోను ఆపొద్దంది మా బిడ్డ. ఏ దేశం ఎప్పుడు ఆయనకు జవాబిస్తుందో తెలియదు కదా. చార్జింగు పెట్టి సంచిలో వేసుకుని తిరుగుతోంది. ఆఫీసు పని అయ్యాక ఆయన రాసే ఉత్తరాలే మళ్ళీ రాస్తోంది. నాకు మాత్రం ఆ ఫోనును చూస్తేనే భయం. గడియారాలు జరిపే రోజులు దగ్గర పడుతున్నాయి. ఎక్కడో ఏ మంత్రికో ఈ రోజు ఏమి తోచిందో? ఏ ఒడ్డున ఏ పడవ కదిలిందో? పొద్దున లేచి గోడ గడియారం చూస్తాను, తర్వాత నా ఫోను చూస్తాను. రెండూ ఒకటే ఉంటే ఊపిరి వదులుతాను. మన దేశంలో గడియారం జరపరని ఆయనే చెప్పాడు. అయినా చూస్తాను. మా ఇంట్లో భయపడే ఒక్కడు ఇప్పుడు నేనే.

మొన్న మా బిడ్డ వచ్చి కొట్టంలో కూర్చుని ఉంది. పొద్దున పది కావస్తోంది. సంచిలో ఆయన ఫోను మోగింది. ఇద్దరం లేచి నిలబడ్డాం. తీయడానికి మా బిడ్డకు చేయి రాలేదు.

"ఎవరు బిడ్డా?"

"ఆమెనే నాయినా. దీవుల ఆమె."

"ఎత్తు. గడియారం సంగతేమో."

ఎత్తి, నాకూ వినబడేటట్టు పెట్టింది. హలో అనే లోపే ఆమె గలగలా మాట్లాడింది. మా బిడ్డ వింటూనే నాకు చెప్పింది. ఈ ఏడు గడియారం జరపరట. ఇప్పుడే తేలిందట. అందరికంటే ముందు మీకే చెప్తున్నాను అంటోందట. నా భయం దిగింది. దిగిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

అప్పుడు పెద్ద బర్రె అరిచింది.

ఫోనులో అదే నవ్వు. ఏదో అంది. మా బిడ్డ కళ్ళ వెంట నీళ్ళు జారాయి.

"ఏమన్నది బిడ్డా?"

"ఆఫీసులనే ఉన్నరన్నమాట, అంటున్నది."

ఆమె జవాబు కోసం చూస్తోంది. మా బిడ్డకు నోరు పెగల్లేదు. ఇంగ్లీషు వచ్చిన నోరు అది. చెప్పకుండా పెట్టేద్దాం, తర్వాత రాద్దాం అన్నట్టు నా వైపు చూసింది. కబురు మా దగ్గర పుట్టి ఉంది. అటు చేరలేదు. నేను చేయి చాపి ఫోను తీసుకున్నాను. కొత్తవాళ్ళతో నేను ఎప్పుడూ ఫోనులో మాట్లాడలేదు.

"అమ్మా," అన్నాను. "మా బావ పోయిండు. మా బావ లేడమ్మా."

నాకు వచ్చింది ఆ భాషే. అటునుంచి నవ్వు ఆగిపోయింది. అర్థమైందో లేదో తెలియదు. ఆమె పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. మేకు మీద గొడుగు, దాని కింద తవుడు బస్తా. బర్రె కూడా ఊరుకుంది. చాలాసేపటికి ఆ నిశ్శబ్దంలో, సముద్రాల అవతల, సాయంకాలం ఆఫీసు కిటికీ బయట కోడి కూసింది.